ఒకరి కబురు ఇంకొకరికి

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేటప్పటికి ప్రమీల తొమ్మిదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు జాతీయాలు చెబుతోంది. రెండువేల ఇరవై ఒకటి, ఏప్రిల్ నెల. రాయపూర్ అంతా తలుపులేసుకుని కూర్చుంది. రైల్వే క్వార్టర్లో వంటింటి పక్క చిన్న గదిలో, కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పాఠం. తెరమీద ముప్ఫై ఒక్క నల్లటి గళ్ళు. పిల్లలెవరూ మొహాలు చూపించరు.

ఆ రోజు పాఠం, అనుకోని కబురు విన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఏమంటారన్నది. బోల్ట్ ఫ్రమ్ ది బ్లూ అంటే మబ్బు లేని ఆకాశం నుంచి పడ్డ పిడుగని చెప్పింది. టేకెన్ అబ్యాక్ అన్నమాట ఓడల నుంచి వచ్చిందని, ఎదురుగాలి కొడితే తెరచాప స్తంభానికి అతుక్కుపోయి ఓడ ఉన్నచోటే ఆగిపోయేదని చెప్పింది. హిందీలో మనం కాళ్ళ కింద నేల జారిపోయిందంటాం కదా, అలాంటిదేనంది. ఈక తగిలినా పడిపోయేవాణ్ణి అనే జాతీయం దగ్గర ఉమేష్ అనే పిల్లవాడు మైకు తెరిచి, "మేడమ్, ఈకకి మనిషెలా పడతాడు?" అని హిందీలో అడిగాడు.

"పడేసేది ఈక కాదు నాన్నా, కబురు. ఈక వంక మాత్రమే," అంది ప్రమీల.

అప్పుడే ఫోను వెలిగింది. ఆసుపత్రి నంబరు. రోజూ ఈ వేళకి ఏదో ఒక ఇంజక్షను బయటినుంచి తెమ్మని చేస్తారు. ఇంకో అయిదు నిమిషాల పాఠముంది, అయ్యాక చేద్దామనుకుంది. ఫోను రెండోసారి వెలిగి ఆరిపోయింది. చెప్పిన జాతీయాల్లో అయిదింటికి సొంతవాక్యాలు రాసి పంపమని పిల్లలకి హోంవర్కు ఇచ్చి, ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగి, లేవన్నాక లాప్‌టాప్ మూసి, అప్పుడు చేసింది.

అవతల ఆడమనిషి గొంతు. "బెడ్ నంబర్ సోలా, రత్నం. మీరేమవుతారు?"

"భార్యని."

"పేషెంట్ ఎక్స్‌పైర్ అయ్యారు మేడమ్. పదకొండూ ఇరవైకి. బాడీ రేపు పొద్దున ఇస్తారు. ఆధార్ తెచ్చుకోండి."

ప్రమీల సరేనంది. థాంక్యూ అని కూడా అంది. వంటింట్లోకి వెళ్ళి పప్పు కింద మంట తగ్గించింది. కిందపడ్డ కొత్తిమీర కాడ తీసి చెత్తబుట్టలో వేసింది. కొడుకు అభిషేక్ పక్క గదిలో నయా రాయపూర్ ఆఫీసు పనేదో ఇంటినుంచే చేస్తున్నాడు, చెవులకి హెడ్‌ఫోన్లు. అతని వెనక నిలబడి చెప్పడానికి నోరు తెరిచింది. మాట రాక కాదు, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, "డాడీ బెడ్డు ఖాళీ అయిందట," అంది.

అభిషేక్ హెడ్‌ఫోన్లు తీసి, "వార్డుకి మార్చారా?" అన్నాడు ఆశగా.

*

రత్నం వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరు. యాభై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న సామర్లకోట నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రత్నం ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు, మిగతా రోజుల్లో నోరు తక్కువ. దగ్గు మొదలైన నాలుగోరోజుకి ఊపిరి అందలేదు. ఊళ్ళో ఎక్కడా మంచం దొరక్క, ధర్సీవా రోడ్డులో కొత్తగా కోవిడ్ వార్డులు తెరిచిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. చేర్చి తొమ్మిదిరోజులు. లోపలికి ఎవర్నీ రానివ్వరు. మొదటి రెండురోజులూ ఫోనులో మాట్లాడాడు, తర్వాత ఆ ఫోను ఎక్కడో పోయింది. గేటు దగ్గర గార్డుకి బట్టల సంచీ ఇచ్చి, బెడ్ సోలా, అంటే పదహారు, అని చెప్పి రావడమే.

మర్నాడు మంగళవారం పొద్దున అభిషేక్, చర్చి పాస్టరు దానయ్యగారు వెళ్ళారు. ప్రమీల అంబులెన్సు వెనక ఆటోలో వెళ్ళింది. నల్లటి సంచీ, పైనుంచి కిందిదాకా జిప్పు. ఒక్కసారి మొహం చూపించమని అభిషేక్ అడిగితే, తెల్ల సూటు వేసుకున్న మనిషి రూలు లేదన్నాడు. క్రైస్తవుల శ్మశానంలో జేసీబీతో తవ్విన గోతులు వరసగా ఉన్నాయి. దానయ్యగారు రెండు మాస్కుల వెనకనుంచి చదివిన వాక్యం గాలికి సగం వినపడలేదు. పావుగంటలో అయిపోయింది. కర్రసిలువ మీద నల్లరంగుతో రత్నం పేరు రాసి పాతారు.

సాయంత్రం అభిషేక్ మెట్లమీద కూర్చుని, "డాడీ కాస్త పొట్టిగా అనిపించారు మమ్మీ," అన్నాడు.

"మనిషి పోతే చిన్నబోతాడు," అంది ప్రమీల. అలా ఎవరన్నారో, ఎక్కడ విందో ఆమెకే తెలియదు.

ఏడుపు రాలేదు. పాతికేళ్ళుగా పిల్లలకి చెబుతున్న మాటలన్నీ ఒక్కొక్కటీ తీసి తనకి తొడిగి చూసుకుంది. నిర్ఘాంతపోవడం, కొయ్యబారిపోవడం, మాన్పడిపోవడం, మతిపోవడం. ఏదీ తన కొలతకి సరిపోలేదు. ఇంగ్లీషైనా తెలుగైనా హిందీయైనా కబురు విన్న మనిషి పడిపోతాడనో ఆగిపోతాడనో అంటాయి. ఆమె పడలేదు, ఆగలేదు. బట్టలు ఉతికి ఆరేసింది. రత్నం చొక్కాలు కూడా.

బుధవారం ఫోనులో పిల్లల హోంవర్కులు వచ్చి ఉన్నాయి. హెడ్‌మాస్టరుగారు సెలవు పెట్టుకోమన్నారు గాని చేతికి ఏదో పని ఉండాలని తెరిచింది. ఇదివరకైతే పిల్లలు ఇలాంటి వాక్యాలకి క్రికెట్టో లాటరీయో పుట్టినరోజు పార్టీయో రాసేవాళ్ళు. ఉమేష్ రాశాడు: ఏ ఆసుపత్రిలోనూ మంచం లేదని అంబులెన్సు అంకుల్ చెప్పేసరికి నాన్న టేకెన్ అబ్యాక్ అయ్యారు. బిందుమాధవి అనే తెలుగు పిల్ల రాసింది: మా పెద్దమ్మ కబురు బోల్ట్ ఫ్రమ్ ది బ్లూ కాదు, మాకు ముందే తెలుసు. ఇంకో పిల్ల ఒకే వాక్యం పంపింది, మిగతా నాలుగూ తర్వాత రాస్తాను మేడమ్, ఇంట్లో బాగాలేదు అని. ప్రమీల అన్నిటికీ టిక్కు పెట్టింది. బిందుమాధవి వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, తప్పేమీ కనపడక, దానికీ పెట్టింది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి తెలియని నంబరు నుంచి ఫోను.

"ప్రమీలా, నేనే," అంది గొంతు. బొంగురుగా, మాటకీ మాటకీ మధ్య ఆయాసంతో. "నా కళ్ళజోడు పంపించు. సంచీలో పెట్టడం మర్చిపోయావు. చారు పంపిస్తున్నావుగా, కాస్త కారం తగ్గించు. దగ్గొస్తోంది."

ప్రమీల ఫోను చెవి నుంచి తీసి నంబరు చూసింది.

"వినపడుతోందా?"

"ఎవరండీ?" అంది.

"ఎవరేంటి? నేను."

అభిషేక్ ఫోను లాక్కుని ఎవడ్రా అని తిట్టబోయాడు. రెండు క్షణాలు విని గోడకి చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చున్నాడు. అతని చేతిలోంచి ఫోను తీసుకుంటే, ఈసారి నర్సు మాట్లాడింది. హెలెన్ అట, కాకినాడ అమ్మాయి, ఆ వార్డులో నిన్నే డ్యూటీ పడిందట.

"అమ్మగారూ, పదిహేడో బెడ్డు ఫైల్లో సూరిబాబు అని ఉంది. ఈయన పొద్దున మాస్కు తీశాక నా పేరు రత్నం అంటున్నారు. తెలుగులో అడిగితే మీ నంబరు చెప్పారు. ఆదివారం పదహారు దగ్గర ఆక్సిజన్ పాయింటు పనిచెయ్యక ఈయన్ని పదిహేడులోకి, ఆయన్ని పదహారులోకి మార్చారట. పాయింటు బాగుచేశారు గాని ఫైళ్ళు మార్చలేదు. బోర్లా పడుకోబెడతాం కదమ్మా, మొహాలు తెలియవు. మేము నంబరుతోనే పిలుస్తాం." గొంతు తగ్గించింది. "నేను చెప్పానని చెప్పకండి."

ప్రమీలకి అప్పుడు వచ్చింది ఏడుపు. వంటింటి గుమ్మంలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషమని అనుకుంది మొదట. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా, తను ఒక్కనాడైనా చారు పంపలేదన్న సంగతి తోచింది.

పదింటికల్లా చర్చి వాళ్ళకి తెలిసిపోయింది. ఫోను స్తోత్రాలతో నిండిపోయింది. దానయ్యగారు స్వయంగా ఫోను చేసి, "మూడోరోజమ్మా. చూశారా, మూడోరోజు," అన్నారు.

"ఆ మాట అనకండి పాస్టరుగారూ. గోతిలో ఒకాయన ఉన్నాడు. ఆయనకీ ఎవరో ఉంటారు," అంది ప్రమీల.

*

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి ఆఫీసులో మేనేజరు ప్రమీలని, అభిషేక్‌ని గాజుతలుపు ఇవతలే నిలబెట్టి మాట్లాడాడు. పొరపాటు జరిగింది, రోజుకి ఎనిమిది మంది పోతున్నారు, స్టాఫు లేరు. మీ మనిషి బతికున్నాడు, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకోండి. ఆ రెండోవాళ్ళకి మేము పద్ధతిగా చెబుతాం, మీరు కలగజేసుకోవద్దు.

"ఎప్పుడు చెబుతారు?" అంది ప్రమీల.

"పై నుంచి పర్మిషన్ రావాలి."

బయటికొచ్చి గేటు దగ్గర గార్డుకి కళ్ళజోడు, ఉతికిన చొక్కాలు ఇస్తుండగా పక్కనే ఒక ఆడమనిషి పదిహేడో బెడ్డుకని స్టీలు కేరేజీ అందిస్తూ, "బెడ్ సత్రా భయ్యా, గరమ్ హై," అంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. బక్కపల్చని మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు, మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. వెనక పాతికేళ్ళ కుర్రాడు స్కూటరు ఆపుకుని నిలబడ్డాడు. అతనితో ఆమె తెలుగులో అంది, "ఒరే ధనుంజయ్, నిన్నటి గిన్నెలు అడుగు. నిన్న కూడా మొత్తం తిన్నాడేమో."

ప్రమీల ఆమెవైపు ఒకడుగు వేసింది. అభిషేక్ ఆమె మోచెయ్యి పట్టుకుని, "మమ్మీ, వాళ్ళే చెబుతామన్నారు. మనం వెళ్ళిపోదాం," అన్నాడు మెల్లగా.

"వాళ్ళు చెప్పరు."

"మనమెందుకు చెప్పాలి?"

ఇంతలో ఆ ఆడమనిషే వీళ్ళ మాటలు విని తిరిగింది. "మీరూ తెలుగోళ్ళేనేటమ్మా? ఏ ఊరు?"

"సామర్లకోట వైపు. మీరు?"

"మాది పలాస దగ్గరమ్మా. మా ఇంటాయన రైల్వే గేంగులో చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు భన్‌పురిలో లారీ గోడౌనుకి వాచ్‌మన్. ఈయనుంటేనే నాకు ఇల్లు ఇల్లులాగుంటాది." అడక్కుండానే చెప్పుకుపోయింది. మనిషికి నాలుగురోజులుగా ధైర్యం వచ్చిందని తెలుస్తూనే ఉంది. "ముందల చాలా భయపెట్టీసినారు. ఆదివారం నుంచి బాగుందంతన్నారు. అన్నం తింటన్నాడట. పొద్దున మాస్కు కూడా తీసీసినారట. కళ్ళజోడు అడిగినాడట. మా ఆయనకి కళ్ళజోడెక్కడిదమ్మా, మత్తులో అడిగుంటాడనుకుని నవ్వుకున్నాం."

ప్రమీల ఆమె భుజమ్మీద చెయ్యి వేసింది. ఆ రోజుల్లో ఎవరూ ఎవర్నీ ముట్టుకునేవాళ్ళు కారు. ఆ చెయ్యి పడగానే ఆమె మాటలు ఆగిపోయాయి.

"మీ పేరేమిటక్కా?"

"పార్వతమ్మ."

"పార్వతమ్మగారూ, పదిహేడో బెడ్డులో ఉన్నది మావారు. ఆదివారం మంచాలు మార్చారు, కాగితాలు మార్చలేదు." ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. "మీవారు పదహారులో ఉన్నారు. సోమవారం పొద్దున పదకొండూ ఇరవైకి పోయారు. మావారనుకుని మాకిచ్చారు. మొహం చూపించలేదు. మంగళవారం మా శ్మశానంలో పెట్టాం."

ధనుంజయ్ స్కూటరు వదిలేశాడు. అది పక్కకి ఒరిగి పడింది. "ఏం మాట్లాడుతున్నారు ఆంటీ?" అంటూ, జవాబు వినకుండానే గేటు తోసుకుని ఆఫీసువైపు పరుగెత్తాడు. గార్డు వెనకపడ్డాడు. అభిషేక్ కూడా వెళ్ళాడు.

పార్వతమ్మ కదల్లేదు. ఈవిడ పడిపోతుందని ప్రమీల రెండు చేతులూ చాచి నిలబడింది. ఆమె పడిపోలేదు. గోడుమనలేదు. గార్డు బల్లమీద ఉన్న కేరేజీ వంకే చూస్తోంది. దాన్ని చూస్తూనే అడిగింది, "మరి ఈ నాలుగు రోజులూ నా అన్నం ఎవులు తిన్నారమ్మా?"

"మావారు. నేను పంపాననుకుని తిన్నారు."

పార్వతమ్మ తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. ఆ తర్వాత ఆమె చేసిన పనిని ప్రమీల ఎన్నటికీ మర్చిపోలేకపోయింది. బల్ల దగ్గరికెళ్ళి, కేరేజీ మూత గట్టిగా ఉందో లేదో నొక్కి చూసి, తిరిగొచ్చిన గార్డుకి దాన్ని చేతికందించి, "భయ్యా, లే జావో. బెడ్ సత్రా," అంది. ప్రమీల వైపు చూడకుండానే, "వేడన్నం పారబొయ్యకూడదు," అంది. అప్పుడు రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుని మాస్కు మొహమ్మీదికంతా లాక్కుంది.

*

తర్వాతదంతా పరుగులే. ధనుంజయ్ ఆసుపత్రి మీద పోలీసుస్టేషన్లో కాగితం పెట్టాడు. తండ్రిని బయటికి తీయించి దహనం చేసుకుంటామని తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. అభిషేక్ ప్రతిసారీ వెంట వెళ్ళాడు, సంతకం చెయ్యాల్సినచోట చేశాడు. కోవిడ్‌తో పోయిన శవాన్ని తవ్వి తీయడానికి కుదరదన్నారు. పదోరోజుకి ధనుంజయ్ వదిలేశాడు. మేనేజరు వేరే ఆసుపత్రికి మారిపోయాడని చెప్పారు. స్టేషన్లో కాగితం స్టేషన్లోనే ఉంది.

సిలువ ఒక్కటీ తీసేశారు. ఆ పని ప్రమీలే చేసింది. దాని మీద భర్త పేరు చూస్తూ నిలబడి, తన చేత్తోనే పీకేసింది. దాని స్థానంలో అభిషేక్ నల్లరాయి పలక పెట్టించాడు, తెలుగులో, సూరిబాబు అని. క్రైస్తవుల శ్మశానంలో వేరేవాళ్ళ పలకేమిటని చర్చి కమిటీలో ఒకరిద్దరు గొణిగితే దానయ్యగారు వాళ్ళ నోరు మూయించారు. ఆయన ప్రమీల ముందు ఆ మూడోరోజు మాట మళ్ళీ ఎత్తలేదు.

చితాభస్మం లేదు కాబట్టి రాజిమ్‌లో నదులు కలిసేచోట ఏం కలపాలని ధనుంజయ్ పంతులుగార్ని అడిగాడు. గోతి మీది మన్ను చాలన్నాడాయన. ఆ మన్ను పార్వతమ్మ తనే తీసుకుంటానంది. ఆమె శ్మశానానికి రావడం అదే మొదటిసారి. పలక మీద అక్షరాలు కొడుకు చదివి వినిపించాడు. గుడ్డలో మూడు పిడికిళ్ళు మూటకట్టుకుని, దూరంగా నిలబడ్డ ప్రమీలతో, "మీరు ఏడిసినారా టీచరమ్మా, ఆ రోజు? ఈడ పెట్టినప్పుడు?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి ప్రమీలకి నోరు రాలేదు. "లేదక్కా. ఏడుపు రాలేదు."

పార్వతమ్మ మూట ముడి ఇంకోసారి బిగించింది. "అయితే ఆయన కోసం ఎవులూ ఏడవకుండానే ఎల్లిపోయినాడు," అంది. నిష్ఠూరంగా కాదు. ఉన్నమాట అన్నట్టు అంది. ప్రమీల ఇంటికొచ్చాక కూడా ఆ మాట నుంచి తేరుకోలేదు.

*

రత్నం మే నెలాఖరున ఇంటికొచ్చాడు. పదహారు కేజీలు తగ్గాడు. నాలుగు మెట్లెక్కితే ఆగి, గోడ పట్టుకుంటాడు. కొన్నాళ్ళు అతనికేమీ చెప్పలేదు. గోడమీద వేలాడుతున్న డోలక్‌కి ఎవరో తెల్లపూలదండ వేసి తీసిన దారం చూసి అడిగితే చెప్పాల్సొచ్చింది. విని, చాలాసేపు తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"ఆ చారులో మెంతులు వేశారు," అన్నాడు చివరికి. "నువ్వు వెయ్యవు. నాకు తెలుసుండాల్సింది."

జూలైలో ఒక ఆదివారం, పార్వతమ్మను చూడాలన్నాడు. వద్దని ప్రమీల రెండు వారాలు ఆపింది. మూడోవారం ఆగలేదు. అభిషేక్ స్కూటరు మీద అతన్ని భన్‌పురి తీసుకెళ్ళాడు, ప్రమీల వెనక ఆటోలో వచ్చింది. లారీలు నిలిపే మైదానం వెనక రేకుల ఇల్లు. వాన కురిసి వెలిసింది. గుమ్మం ముందు బురదలో ఇటుకలు పరిచి ఉన్నాయి. రత్నం ఆయాసానికి బయటే స్కూటరు మీద కూర్చున్నాడు. ప్రమీల లోపలికెళ్ళింది.

పార్వతమ్మ నేలమీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కుశలం అడిగింది, చాప వేసింది. రత్నం వచ్చాడని చెబితే చేటలో చేతులు ఆగిపోయాయి.

"బాగున్నాడా?"

"తిరుగుతున్నారు."

"బాగుండాలమ్మా. ఆయన తప్పేటుంది," అంది పార్వతమ్మ. మళ్ళీ బియ్యంలో వేళ్ళు ఆడించింది. "గానీ నాను చూడలేను. లోపలికి రావొద్దని చెప్పండి. చూస్తే, మా వోడు ఉండాల్సిన సోట ఈయన ఉన్నాడనిపిస్తాది. అలాగ అనుకోవడం పాపం. నాకా పాపం వద్దు."

పిల్లలకి పాఠంలో నేర్పిన మాటలేవీ అక్కడ పనికొచ్చేవి కావు. ప్రమీల కాసేపు కూర్చుని, ఆమెతోపాటు చేటలో రాళ్ళు ఏరి, లేచింది.

బయట ధనుంజయ్ రత్నానికి స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చాడు. రత్నం రెండు చేతులా అందుకుని, సగం తాగి ఆయాసానికి ఆగి, మిగతా సగం మెల్లమెల్లగా తాగాడు. అంతసేపూ ధనుంజయ్ ఎదురుగా నిలబడి అతన్నే చూశాడు. గ్లాసు తిరిగి తీసుకుని, "ఇక వెళ్ళండి అంకుల్, మళ్ళీ వానొస్తుంది," అన్నాడు.